మాంచెస్టర్ రైల్వే స్టేషన్లు

ఇంగ్లండ్ వాయవ్య భాగంలోని మాంచెస్టర్‌లో రైల్వే స్టేషన్ల చరిత్ర 1830 సెప్టెంబర్ 15న లివర్‌పూల్ రోడ్ స్టేషన్‌తో మొదలైంది. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైన ఆ రోజే పార్క్‌సైడ్ వద్ద పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్‌ను రాకెట్ ఇంజన్ ఢీకొంది. రాత్రికి ఆయన మరణించారు. 1844లో విక్టోరియా స్టేషన్ రావడంతో లివర్‌పూల్ రోడ్‌లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. సరుకు రవాణా మాత్రం 1975 దాకా సాగింది. ఆ కట్టడం, 1830 నాటి గిడ్డంగి నేటికీ నిలిచి ఉండటం రైల్వే చరిత్రకు దక్కిన గొప్ప భాగ్యం. ఇప్పుడవి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో భాగం.

పోటీపడే కంపెనీలు ఎవరికి వారే స్టేషన్లు కట్టుకోవడంతో నగరానికి ఒకే ప్రధాన స్టేషన్ ఏర్పడలేదు. లండన్ రోడ్ 1842లో, ఆక్స్‌ఫర్డ్ రోడ్ 1849లో, సెంట్రల్ 1880లో, ఎక్స్ఛేంజ్ 1884లో వచ్చాయి. సెంట్రల్ పైకప్పు మధ్యలో స్తంభమే లేకుండా 64 మీటర్ల వెడల్పున కమానుగా వంగి ఉంటుంది. 1929లో విక్టోరియా, ఎక్స్ఛేంజ్‌లను కలిపిన ప్లాట్‌ఫారం సుమారు 669 మీటర్లతో యూరప్‌లోకెల్లా పొడవైనదిగా పేరొందింది.

1960లో విద్యుదీకరణతో పాటు లండన్ రోడ్ పేరు పికాడిలీగా మారింది. అదే కాలంలో పాత వంతెనపై బరువు పడకూడదని ఆక్స్‌ఫర్డ్ రోడ్‌కు తేలికపాటి కలప కప్పు వేశారు. యుద్ధానంతర బ్రిటిష్ స్టేషన్లలో ఇంత అందమైనవి అరుదు. సెంట్రల్, ఎక్స్ఛేంజ్ 1969లో మూతపడ్డాయి. 1986 నుంచి సెంట్రల్ ప్రదర్శనశాలగా ఉంది. 1992లో మెట్రోలింక్ ట్రాములు విక్టోరియా, పికాడిలీలను వీధుల మీదుగా కలిపాయి. పికాడిలీ, ఆక్స్‌ఫర్డ్ రోడ్, విక్టోరియాలను నేరుగా రైలుపట్టాలతో కలిపిన ఆర్డ్‌సాల్ కార్డ్ 2017లో ప్రారంభమైంది.