నూలుమిల్లుల ఊళ్లనుండి టెక్సాసు వరకు

ఒక ఆటను ప్రాణముగా నమ్ముకొని బాల్యమునుండి మైదానములలో చెమటోడ్చిన యువకునకు, స్వదేశపు జట్టులోని పదునొకండు స్థానములలో ఒక్కటియు దక్కనప్పుడు, అతని యెదుట రెండే త్రోవలుండును: బ్యాటును అటుకమీద పెట్టి వేరొక యుద్యోగము చూచుకొనుట యొకటి, తన విద్యకు వెలకట్టగల పరదేశమునకు పోవుట రెండవది. ఈ రెండవ త్రోవకు దీర్ఘమైన చరిత్ర కలదు. చిలకలూరిపేటలో కూర్చుండి వ్రాయువానికి ఆ చరిత్ర మరింత సన్నిహితముగా తోచుటకు కారణమేమనగా, ఆ త్రోవ గట్టిపడినది పత్తితో బ్రదికిన ఊళ్లలో.

మన గుంటూరు నేలలలో పండి, కాకినాడ రేవు పేరిట విదేశ వర్తకుల లెక్కలలో ‘కోకనాడ’ పత్తిగా చెలామణి యైన దూదికి, 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలమున గిరాకి హఠాత్తుగా హెచ్చెను. అమెరికా పత్తి రాక నిలిచిపోయి, ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులు మూతపడుచుండగా, వాటి యజమానులు హిందూదేశపు పత్తివైపు దృష్టి మరల్పక తప్పలేదు. ఆ లాంకషైరులోనే నెల్సన్, కోల్న్, బర్న్‌లీ, హాస్లింగ్డెన్ మొదలగు నేతపట్టణముల క్లబ్బులు 1892లో జతగూడి లాంకషైర్ లీగును నెలకొల్పినవి. శనివారము మధ్యాహ్నము మిల్లు విడిచినంతనే మగ్గములవారు, వడుకువారు కుటుంబములతోగూడ మైదానమునకు చేరెడివారు; వారు చెల్లించిన ప్రవేశరుసుముతోను చందాలతోను ప్రతి క్లబ్బును ఒక్క జీతపు ఆటగానిని పోషించెడిది. తక్కిన పదిమందియు పగలంతయు పనిచేసికొని సాయంకాలములందు సాధనచేయు ఊరివారే. ఆ ఒక్కడు ఏబది పరుగులు చేసినను, మేలైన బంతులతో వికెట్లు కూల్చినను, ప్రేక్షకులలో చిల్లర వసూలుచేసి అతని చేతబెట్టెడి ఆచారము కలదు. ఒక పెద్ద ఆటగానికి జీవనోపాధి కల్పించినవి మిల్లుకూలీల పెన్నీలు. ఇది నాకు రాజాశ్రయముకంటె గౌరవాస్పదముగా తోచుచున్నది.

ఈ లీగు కీర్తిని లోకమంతట వ్యాపింపజేసినవాడు ట్రినిడాడ్ ద్వీపవాసి లియరీ కాన్‌స్టంటైన్. కోకో తోటలో మేస్త్రీ కుమారుడై, గుమాస్తాగిరీచేసి పొట్టపోసికొనుచు, నల్లవాడగుటచే స్వదేశమున పైకెదుగు మార్గము కానక, 1928లో వెస్టిండీస్ జట్టుతో ఇంగ్లండునకు వచ్చి, మరుసటి సంవత్సరము నెల్సన్ క్లబ్బులో జీతమునకు కుదిరెను. 1937 వరకు తొమ్మిది ఋతువు లతడక్కడ ఆడగా, ఏడు మారులు నెల్సన్ విజేతయయ్యెను. అతనిని చూడవచ్చిన జనముతో ఇతర క్లబ్బుల ఖజానాలుకూడ నిండినవి. న్యాయశాస్త్రము చదివి, పిమ్మట ప్రభువుల సభలో సభ్యుడగువరకు ఆ మహనీయుని జీవితము సాగిన తీరు వేరొక వ్యాసమునకు తగిన విషయము; ఇచ్చట మనకు ముఖ్యమైనది, ఈ పరదేశపు ఆటగానిని తెలుగు రాజకుటుంబీకు డొకడు మనదేశమునకు రప్పించెననుట. 1930–31లో ఇంగ్లండు ఆటగాండ్రు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడించిన విజయనగరపు మహారాజకుమారుడే కొన్నియేండ్లకు కాన్‌స్టంటైన్‌నుగూడ పిలిపించెను.

మనవారిలో ఆ త్రోవపట్టిన తొలివారిలో నెన్నదగినవాడు సౌరాష్ట్రపు అమర్‌సింగ్. కోల్న్ క్లబ్బు జీతగాడై యుండియే, 1936లో లార్డ్స్‌లో భారతజట్టు పక్షమున 35 పరుగులకు 6 వికెట్లు తీసెను. 1952లో వినూ మన్కడ్ కథ ఇంతకంటె విచిత్రము. ఇంగ్లండు పర్యటించు భారతజట్టులో తనను తప్పక తీసికొందుమను హామీని భారత క్రికెట్ బోర్డు ఈయకపోగా అతడు హాస్లింగ్డెన్‌తో ఒప్పందము చేసికొనెను. లీడ్స్‌లో మొదటి టెస్టు రెండవ ఇన్నింగ్సున మనజట్టు ఒక్క పరుగైనను చేయకముందే నాలుగు వికెట్లు కోల్పోవగా, అదే బోర్డు ఆ క్లబ్బును వేడుకొని అతనిని తెచ్చుకొనవలసి వచ్చెను. లార్డ్స్‌లో మన్కడ్ 72, 184 పరుగులు చేసి, ఒక్క ఇన్నింగ్సులోనే 73 ఓవర్లు బంతివేసెను. ఆటగానికి అన్నము పెట్టినది నేతపట్టణము. అతని శ్రమఫలమునకు హక్కుదారు స్వదేశపు బోర్డు. ఈ వివాద మప్పటినుండియు తెగలేదు.

తెలుగు క్రికెటర్లు చిరకాలము ఈ త్రోవ తొక్కకుండుటకు హేతువు లేకపోలేదు. నాగపురమున పుట్టిన తెలుగుబిడ్డ కొఠారి కనకయ్య నాయుడు, 1932లో భారతజట్టుకు తొలి టెస్టు నాయకుడైనవాడు, ఇండోరు హోల్కరు కొలువులో కర్నల్ పదవి ననుభవించెను. సంస్థానములు పోయిన పిమ్మట బ్యాంకులు, రైల్వేలు, ప్రభుత్వశాఖలు ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చి ఆదుకొన్నవి. నెలజీతము, పింఛను, పండుగకు ఇంటికి వచ్చు వీలు గలవాడు సముద్రము దాటవలసిన పని యేమి? ఆ యుద్యోగములు క్రమముగా తగ్గినవి. ఐపీఎల్ వేలమున ఎన్నికైన కొలదిమందికి కోట్లును, ఎన్నిక కానివారికి రంజీ దినభత్యమును మిగిలినవి.

హైదరాబాదు వికెట్ కీపరు ఇబ్రహీం ఖలీల్ జీవితమున ఈ మార్పంతయు కానవచ్చును. 2007లో బోర్డు గుర్తింపులేని ఇండియన్ క్రికెట్ లీగు పుట్టినప్పుడు అతడును, గుంటూరున జన్మించిన అంబటి రాయుడును హైదరాబాద్ హీరోస్ జట్టులో చేరిరి. బోర్డు వారిపై నిషేధము విధించి, 2009లో క్షమాభిక్ష యొసగెను. తిరిగివచ్చిన ఖలీల్ 2011–12 రంజీ ఋతువున గువాహటిలో అస్సాముతో జరిగిన పోటీయందు 11 క్యాచ్‌లు, 3 స్టంపింగులు, మొత్తము 14 మందిని పెవిలియనుకు పంపి, ఫస్ట్‌క్లాసు క్రికెట్టులో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అంతటి రికార్డుకూడ అతనికి భారతజట్టు తలుపు తెరవలేదు. అతడు అమెరికాకు వలసపోయి, అక్కడ నివాసార్హత సంపాదించి, 2018లో వెస్టిండీస్‌లో జరిగిన రీజనల్ సూపర్50 పోటీలలో అమెరికా జట్టునకు నాయకత్వము వహించెను. ఆ దేశమున అంతకుముందే హైదరాబాదు క్రికెట్టు వేళ్లూనియుండెను: 1971 ఓవల్ విజయమున గెలుపు పరుగు కొట్టిన సయ్యద్ ఆబిద్ అలీ, మాల్దీవులు, ఎమిరేట్స్ జట్లకు శిక్షకుడుగా నుండి, కాలిఫోర్నియాలో స్థిరపడి పిల్లలకు ఆట నేర్పుచు, 2025లో అక్కడనే కన్నుమూసెను.

అమెరికాలో ఈ త్రోవ బేస్‌బాల్‌వారికి మనకంటె ముందే చిరపరిచితము. మేజర్ లీగులో చోటు చాలనివారు జపానునకు, మెక్సికోకు, కొరియాకు పోవుట అక్కడ పాత మాటయే. 1946లో మెక్సికో లీగు అధిపతి హోర్హే పాస్క్వెల్ అధిక వేతనములు చూపి అమెరికా ఆటగాండ్రను రప్పింపగా, పోయినవారికి అయిదేండ్ల నిషేధము పడెను. అది 1949లో తొలగింపబడెను. మన ఇండియన్ క్రికెట్ లీగు నిషేధమునకును దీనికిని గల పోలిక ఆశ్చర్యకరము: రెండుచోట్లను ఆటగాడు చేసిన నేరము, తన శ్రమకు మరియొక కొనుగోలుదారుని వెదకుటయే. ప్రయాణము అవమానము కాదనుటకు సెసిల్ ఫీల్డర్ సాక్షి. టొరంటో జట్టులో సరిగా చోటు చిక్కక, 1989లో జపానులోని హాన్‌షిన్ టైగర్స్‌కు పోయి 38 హోమ్‌రన్‌లు కొట్టి, మరుసటియేడు డెట్రాయిట్ జట్టులో చేరి 51 కొట్టెను.

టెక్సాసులోని గ్రాండ్ ప్రెయిరీ మైదానమున ఈ రెండాటల చరిత్రలు కలిసికొన్నవి. 2008లో అది ఎయిర్‌హాగ్స్ అను బేస్‌బాల్ జట్టునకు నిలయముగా తెరువబడెను. ఆ జట్టు మేజర్ లీగుతో సంబంధములేని స్వతంత్ర లీగులోనిది. పెద్ద జట్లు విడిచిపుచ్చినవారు మరియొక అవకాశమునకై ఎదురుచూచుచు ఆడెడి తావది. ఆ జట్టు పోయిన తరువాత మైదానమును క్రికెట్టుకు అనువుగా మార్చిరి. 2023 జూలై 13న అమెరికా ఇరువది ఓవర్ల లీగగు మేజర్ లీగ్ క్రికెట్ తొలిపోటీ అక్కడనే జరిగెను. ఆరు జట్లలో నొకటియగు సియాటిల్ ఓర్కాస్ యజమానులలో హైదరాబాదు పబ్లిక్ స్కూలున క్రికెట్టు ఆడిన సత్య నాదెళ్ల ఒకడు. 2024 జూన్ 6న ప్రపంచకప్పులో అమెరికా సూపర్ ఓవరున పాకిస్తాన్‌ను ఓడించినదియు ఆ మైదానమందే. భారతదేశమున స్థానము దొరకక పోయిన ముంబయి వాసి సౌరభ్ నేత్రావల్కర్ ఆ ఓవరు వేసెను.

ఇక మన ఆంధ్రుల సంగతి. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీ టెస్టున కాలికండరము చిట్లినను 161 బంతులెదుర్కొని అజేయముగా నిలిచి పోటీని కాపాడెను. ఆ యేడు ఐపీఎల్ వేలమున నెవరును కొనకపోగా, ఇంగ్లండులో వార్విక్‌షైర్ కౌంటీకి, 2022లో ఢాకాలోని అబాహని క్లబ్బుకు ఆడెను. కౌంటీలకును ఢాకా ఏబది ఓవర్ల లీగునకును పోవుటకు బోర్డు అనుమతినిచ్చును. ఇరువది ఓవర్ల లీగులకు మాత్రము నియమము కఠినము: పురుష ఆటగాడు ఐపీఎల్‌తో సహా భారతీయ క్రికెట్టునంతను త్యజింపవలెను. 2012లో కుర్రవారి ప్రపంచకప్పు గెలిపించిన నాయకుడు ఉన్ముక్త్ చంద్ 28 ఏండ్లకే ఆ త్యాగముచేసి అమెరికాకు పోయెను. ఆరు ఐపీఎల్ విజయములలో పాలుగొని 2023లో విరమించిన రాయుడు టెక్సాస్ సూపర్ కింగ్స్ జాబితాకు ఎక్కియు, విరమించినవారిపైగూడ నియంత్రణ విధింప బోర్డు యోచించుచున్న తరుణమున వైదొలగి, కొలదివారములకే సెయింట్ కిట్స్ జట్టున కరీబియన్ లీగులో ఆడెను.

ఈ నియమము అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. హర్మన్‌ప్రీత్ కౌర్ 2016లో సిడ్నీ థండర్ జట్టున చేరినది మొదలు, భారతీయ మహిళలు భారతజట్టును వీడకయే ఆస్ట్రేలియా లీగులో ఆడుచున్నారు. దానివలన మహిళా క్రికెట్టునకు హాని కలుగలేదు, మీదుమిక్కిలి ఆ అనుభవము వారి ఆటకు పదును పెట్టినది. అమెరికా లీగు సాగునది జూన్, జూలై మాసములలో. అప్పుడు మనదేశమున వర్షాకాలము, రంజీ పోటీలు లేవు, ఐపీఎల్ ముగిసియుండును. వేలమున కొనుగోలు కాని రంజీ ఆటగానికి, స్వదేశపు హక్కులేవియు వదలుకొనకుండ, ఆ రెండు నెలలు టెక్సాసుకో సియాటిలుకో పోయి నాలుగు డాలర్లు గడించి, అక్టోబరునాటికి ఆంధ్రజట్టు శిబిరమునకు తిరిగివచ్చు అనుమతిని బోర్డు వెంటనే ఈయవలెను.