వైమాక్స్ వేలం అన్నారు, ఎల్‌టీఈ ఎలా వచ్చింది?

2010 మే 24న మన దేశంలో వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం మొదలైంది. అమ్మకానికి పెట్టింది 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్. ప్రతి టెలికాం సర్కిల్‌లో రెండు ముక్కలు, ఒక్కో ముక్క 20 మెగాహెర్ట్జ్. 117 రౌండ్ల తర్వాత జూన్ 11న వేలం ముగిసింది. ప్రభుత్వ రంగ టెలికాం సంస్థలు చెల్లించాల్సినదీ కలిపి ఖజానాకు సుమారు 38,543 కోట్ల రూపాయల రాబడి లెక్క తేలింది. అప్పటి మాటల్లో, రాతల్లో ఇది చాలామందికి 'వైమాక్స్ వేలం'. తర్వాత ఆ బ్యాండ్ మీద దేశమంతటా పరుచుకున్నది మాత్రం ఎల్‌టీఈ. రెండూ వైర్‌లెస్ ఇంటర్నెట్ టెక్నాలజీలే, పోటీదారులు. ఈ మార్పుకు అందరూ చెప్పే కారణం ఒకటే: ఎల్‌టీఈ వేగం ఎక్కువ. ఆ కారణం నిలుస్తుందో లేదో చూద్దామని పాత కాగితాలు ఒక్కొక్కటే తేదీల ప్రకారం పేర్చాను.

ముందు వేలం షరతులు. వాటిలో ఏ బ్యాండ్, ఎంత వెడల్పు, ఎన్నేళ్లు అని ఉంది. ఏ టెక్నాలజీ వాడాలన్న నిబంధన లేదు. గెలిచినవారు తమకు నచ్చింది పెట్టుకోవచ్చు. అంటే వైమాక్స్ అన్న పేరు ప్రభుత్వం పెట్టింది కాదు.

మరి ఆ పేరు ఎక్కడిది? దక్షిణ కొరియాలో 2006 జూన్ చివర వైబ్రో అనే సేవ వాణిజ్యపరంగా మొదలైంది. అది మొబైల్ వైమాక్స్‌కు కొరియా రూపం. నడిచింది 2.3 గిగాహెర్ట్జ్‌లో, అంటే మనం వేలం వేసిన బ్యాండ్‌లోనే. పైగా మన ప్రభుత్వ రంగ టెలికాం సంస్థకు వేలంతో పని లేకుండా ముందే 2.5 గిగాహెర్ట్జ్‌లో స్పెక్ట్రమ్ ఇచ్చారు. అది అప్పట్లో గ్రామాలకు వైమాక్స్ వేస్తుండేది. ఈ రెండూ కళ్ల ముందు ఉన్నప్పుడు వేలానికి ఆ పేరు రావడం సహజం. ఆ ఊహకు ఆధారం ఉంది. పత్రం మాత్రం లేదు.

ఇప్పుడు వేగం సంగతి. ఆ కాలపు పోలిక పట్టికల్లో ఎల్‌టీఈ ఎదురుగా సెకనుకు 150 మెగాబిట్లు, వైమాక్స్ ఎదురుగా 46 మెగాబిట్లు కనిపిస్తాయి. మూడు రెట్ల తేడా. అయితే ఆ అంకెల కింద ఏముందో చూడాలి. 150 అన్నది డౌన్‌లోడ్‌కే విడిగా 20 మెగాహెర్ట్జ్ ఇచ్చినప్పటి లెక్క. అప్‌లోడ్‌కు ఇంకో 20 కావాలి. 46 అన్నది మొత్తం 10 మెగాహెర్ట్జ్‌లో వచ్చేది, అందులోనూ నాలుగింట మూడు వంతుల సమయమే డౌన్‌లోడ్‌కు దక్కినప్పుడు. రెండు వైపులా యాంటెన్నాలు రెండేసి. కాబట్టి హెర్ట్జ్‌కు ఎంత అని భాగిస్తే ఎల్‌టీఈకి 7.5, వైమాక్స్‌కు 6.1 వస్తుంది. తేడా ఉంది. మూడు రెట్లు కాదు, ఐదో వంతుకు కాస్త ఎక్కువ. రెండూ డౌన్‌లోడ్‌కు వాడే మూల పద్ధతి ఒకటే కనుక మరీ పెద్ద తేడా ఆశించడానికీ లేదు. వైమాక్స్‌ను మూలకు నెట్టడానికి ఈ అంకె చాలదు.

వైమాక్స్ వైపు ప్రచారమూ ఇలాంటిదే. 70 మెగాబిట్లు, 50 కిలోమీటర్లు అన్న జంట అంకెలు తొలి రోజుల్లో చాలా చోట్ల తిరిగాయి. ఆ రెండూ ఒకేసారి దొరికేవి కావు. గరిష్ఠ వేగం టవర్ దగ్గరే వస్తుంది. గరిష్ఠ దూరంలో వేగం బాగా పడిపోతుంది. ఆ ఆశ చూపి ఓడిపోయిందనే వాదన కూడా విన్నాను. కానీ ఈ అంకెలు ఇంట్లో బిగించే పాత వైమాక్స్ నాటివి. మన పోలిక మొబైల్ వైమాక్స్‌తో. అందుకే ఆ వాదనను పక్కన పెట్టాను.

సాంకేతికంగా అసలైన తేడా ఒకటి ఉంది, అది అప్‌లోడ్‌లో. వైమాక్స్ ఫోన్ పైకి పంపే సంకేతంలో ఎత్తుపల్లాలు ఎక్కువ. దానికి తగ్గట్టు ఫోన్‌లోని యాంప్లిఫయర్ ఎక్కువ విద్యుత్తు తాగుతుంది. ఎల్‌టీఈని రూపొందించినవారు అప్‌లోడ్‌కు వేరే పద్ధతి ఎంచుకుని ఆ ఎత్తుపల్లాలను తగ్గించారు. బ్యాటరీకి అది మేలు. అయినా వైమాక్స్ ఫోన్ అసాధ్యమేమీ కాలేదు. అమెరికాలో తొలి వైమాక్స్ స్మార్ట్‌ఫోన్ 2010 జూన్ 4న దుకాణాలకు వచ్చింది. ఆ రోజు మన వేలం ఇంకా నడుస్తూనే ఉంది.

ఆలస్యమే కారణమా? ఇక్కడ లెక్క తలకిందులుగా ఉంది. మొబైల్ వైమాక్స్ ప్రమాణం 2005 డిసెంబర్‌లో ఖరారైంది. కొరియా సేవ 2006లో, అమెరికాలోని బాల్టిమోర్ సేవ 2008 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. తొలి వాణిజ్య ఎల్‌టీఈ 2009 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో వచ్చింది. ముందు వచ్చింది వైమాక్సే, అదీ మూడేళ్లకు పైగా.

సేవలు మొదలైన తేదీలు వదిలేసి నిర్ణయాలు ప్రకటించిన తేదీలు పేర్చినప్పుడే నాకు దారి కనిపించింది. 2007 అక్టోబర్‌లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం వైమాక్స్‌ను 3జీ కుటుంబంలో ఆరో సభ్యురాలిగా చేర్చుకుంది. వైమాక్స్‌కు దక్కిన అతి పెద్ద గుర్తింపు అది. మరుసటి నెలలోనే అమెరికాలోని ఒక అగ్రశ్రేణి మొబైల్ కంపెనీ తన తర్వాతి నెట్‌వర్క్ ఎల్‌టీఈ అని ప్రకటించింది. ఆ కంపెనీ అప్పటిదాకా జీఎస్ఎంకు పోటీగా నడిచిన సీడీఎంఏ కుటుంబానిది. సీడీఎంఏ వారికి వేరే వారసుడు ఉండేది, పేరు యూఎంబీ. దాన్ని తయారుచేస్తున్న చిప్ కంపెనీయే 2008 నవంబర్‌లో పని ఆపేసింది. అంతటితో జీఎస్ఎం వారికీ సీడీఎంఏ వారికీ మిగిలిన దారి ఒకటే అయింది. వైమాక్స్ ఒక వైపు, ప్రపంచంలోని మొబైల్ కంపెనీల్లో అత్యధికం మరో వైపు.

ఆ తర్వాతి ఆధారాల్లో ఒకదాన్ని లెక్కలోంచి తీసేశాను. 2009 జనవరిలో కెనడాకు చెందిన ఒక పరికరాల కంపెనీ మొబైల్ వైమాక్స్ వదిలేసింది. అదే నెలలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. కాబట్టి ఆ నిష్క్రమణ టెక్నాలజీ మీద తీర్పని చెప్పడానికి లేదు. మిగిలినవి నిలుస్తాయి. 2010 మార్చిలో ఒక అమెరికన్ కంపెనీ వైమాక్స్ బేస్ స్టేషన్ల తయారీ ఆపింది. మే నెలలో రష్యాలోని పెద్ద వైమాక్స్ కంపెనీ ఎల్‌టీఈకి మారతానంది. మన వేలంలో తొలి రౌండ్ ఆ నెలలోనే జరిగింది.

ఇన్ని కంపెనీలు ఒకే వైపు ఎందుకు వెళ్లాయన్నది వాటి మనసులోకి దూరి చెప్పలేను. పత్రాల్లో ఉన్నది చెప్పగలను. ఎల్‌టీఈ ప్రమాణంలోనే 2జీ, 3జీ నెట్‌వర్క్‌లకు ఎలా మారాలో రాసి ఉంది. కొత్త సిగ్నల్ లేని ఊళ్లోకి ఫోన్ వెళితే పాత నెట్‌వర్క్ అందుకుంటుంది. చందాదారు వివరాలు, రోమింగ్ ఏర్పాట్లు పాతవాటికి కొనసాగింపుగానే ఉంటాయి. వైమాక్స్ పుట్టింది కంప్యూటర్ నెట్‌వర్క్‌ల ఇంట్లో. దానికి కోర్ నెట్‌వర్క్ విడిగా కట్టుకోవాలి. అప్పటికే లక్షల టవర్లు, కోట్ల చందాదారులు ఉన్న కంపెనీకి ఈ తేడా హెర్ట్జ్‌కు ఎన్ని బిట్లన్న తేడా కంటే బరువైనదని నా అంచనా.

ఇక చివరి అడ్డు. స్టాక్‌హోమ్‌లో నడిచిన ఎల్‌టీఈకి జంట బ్యాండ్ కావాలి, రానూ పోనూ వేర్వేరు. మన వేలంలో అమ్మింది విడి ముక్క. అందులో రాకపోకలు ఒకే వరస వంతెన మీద బండ్లలా వంతులవారీగా సాగాలి. మొబైల్ వైమాక్స్ మొదటి నుంచీ వంతుల పద్ధతిదే. అందుకే 2300 బ్యాండ్ ఎల్‌టీఈకి పనికిరాదని 2010లో చాలామంది నమ్మారు. ఆ నమ్మకం తప్పని చెప్పే కాగితం అప్పటికే ఉంది. 2008 డిసెంబర్‌లో ఖరారైన తొలి ఎల్‌టీఈ ప్రమాణంలోనే జంట పద్ధతీ, వంతుల పద్ధతీ రెండూ ఉన్నాయి. వంతుల పద్ధతికి కేటాయించిన బ్యాండ్ల జాబితాలో నలభయ్యో సంఖ్య దగ్గర 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంది. ఈ వెతుకులాటలో నాకు దొరికినవాటిలో అన్నిటికంటే విలువైన వరుస ఇదే. మన వేలానికి ఏడాదిన్నర ముందే మన బ్యాండ్ ఎల్‌టీఈ పట్టికలోకి ఎక్కింది. చైనా 3జీ కూడా వంతుల పద్ధతిదే కావడంతో దాని వారసత్వం ఇందులో కలిసింది. 2010 మే 1న మొదలైన షాంఘై ఎక్స్‌పోలో చైనా కంపెనీ ఈ రకం ఎల్‌టీఈని ప్రయోగాత్మకంగా నడిపింది.

ఎల్‌టీఈకి 4జీ అన్న ముద్ర పడింది కనుక గెలిచిందనే మాటా ఉంది. తేదీలు ఒప్పుకోవు. 2010 అక్టోబర్‌లో జెనీవాలోని అంతర్జాతీయ టెలికాం సంస్థ 4జీగా గుర్తించింది రెండింటి తర్వాతి రూపాలను. డిసెంబర్‌లో అప్పటికే నడుస్తున్న ఎల్‌టీఈ, వైమాక్స్ రెంటినీ ఆ పేరుతో పిలవవచ్చంది. ముద్ర ఇద్దరికీ పడింది, వేలం ముగిశాక పడింది.

ఇప్పుడు గెలిచినవారి వైపు చూడాలి. 22 సర్కిళ్లలోనూ ఒక్కో ముక్కను 12,847 కోట్లకు పైగా చెల్లించి గెలిచింది అప్పటికి పెద్దగా పేరు లేని ఒక ఇంటర్నెట్ కంపెనీ. వేలం ముగిసిన రోజే అందులో 95 శాతం వాటాను ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ 4,800 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఢిల్లీ, ముంబై, హర్యానా, కేరళ సర్కిళ్లలో రెండో ముక్క యూఎంబీని ఆపేసిన చిప్ కంపెనీకే వెళ్లింది. అది వంతుల పద్ధతి ఎల్‌టీఈ పెడతానని బహిరంగంగా చెప్పింది. మిగతావారు ధర పాడినప్పుడు మనసులో ఏ టెక్నాలజీ ఉంచుకున్నారో వేలం రికార్డు చెప్పదు. ఏం బిగించారో మాత్రం తెలుస్తుంది. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో దేశపు తొలి 4జీ సేవ మొదలైంది. అది 2300 బ్యాండ్‌లో వంతుల పద్ధతి ఎల్‌టీఈ.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకే సర్కిల్. ఇక్కడి రెండు ముక్కల్లో ఒకటి దేశమంతా గెలిచిన కంపెనీది, 2016 సెప్టెంబర్ నుంచి ఎల్‌టీఈలో వాడకంలోకి వచ్చింది. రెండోది ఎనిమిది సర్కిళ్లు గెలిచిన ఒక మొబైల్ కంపెనీది. 2016లో ఆ ముక్కను కోల్‌కతా సేవ నడిపిన కంపెనీ కొనుక్కుంది. కొరియా కూడా అదే 2.3 గిగాహెర్ట్జ్‌లోని వైబ్రోను 2018 చివరికి మూసేసింది.