ముత్తాత చూడని డాన్సు

మూడేళ్ళ క్రితం చికాగోలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు, పక్క సీటాయన వాళ్ళమ్మాయి డాన్సు ప్రోగ్రాంకి పిలిచాడు. ఆయన ముత్తాత పోలండ్ నుంచి వలసొచ్చిన రైతు. పిల్లలంతా క్రకోవ్ దుస్తుల్లో, నెమలి ఈక గుచ్చిన ఎర్రటోపీలు, పూసలు కుట్టిన జాకెట్లతో అదరగొట్టేశారు. "మీ ముత్తాత ఊళ్ళో ఇలాగే ఆడేవారా?" అనడిగితే నవ్వేశాడు. ఆయన ఊరు క్రకోవ్‌కి బోలెడు దూరమట, ఈ బట్టలు చూసి కూడా ఉండడట!

ఇంటికొచ్చి కాస్త చదివా. 1795 నుంచి 1918 దాకా, అంటే 123 ఏళ్ళు, పోలండ్ అనే దేశం మ్యాపులోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. 1794లో కొష్చూష్కో తిరుగుబాటులో పొడుగు కర్రలకి కొడవళ్ళు బిగించి పోరాడింది క్రకోవ్ రైతులు. అందుకే వాళ్ళ వేషం దేశం లేనివాళ్ళకి జెండా లాంటిదైంది. అమెరికాలో ఏ ఊరివాడైనా అదే తొడిగాడు.

అసలు తమాషా రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలైంది. 1948లో సిగెటిన్‌స్కి, ఆయన భార్య జిమిన్‌స్కా కలిసి 'మజోవ్‌షె' బృందం పెట్టారు. డబ్బు కమ్యూనిస్టు ప్రభుత్వానిది. పల్లె ఆటల్ని స్టేజికి తగ్గట్టు వరసలు కట్టించి, మెరుగులు దిద్దారు. 1961లో ఆ బృందం అమెరికా వచ్చింది. ఆ ప్రభుత్వం పేరెత్తితే మండిపడే వలసజనం ఆ స్టైలుకి మాత్రం పడిపోయారు. 1969లో పోలండ్‌లోని రెషువ్‌లో వలస బృందాలకోసమే ఉత్సవం మొదలైంది. వెళ్తే ఆ సర్కారుకి మర్యాద చేసినట్టు, వెళ్ళకపోతే పిల్లలు తాతల దేశం చూడనట్టు. ఏ తల్లిదండ్రులకైనా కష్టమే కదా!

తత్రా కొండలవాళ్ళ కథ వేరు. 1929లోనే చికాగోలో సొంత సంఘం పెట్టుకున్నారు. చిన్న గొడ్డళ్ళు తిప్పుతూ ఆడే తమ ఆటనే పట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే, మొదట్లో కొండలవాళ్ళదే అసలు, మిగతాదంతా డూప్లికేట్ అనుకున్నా. తర్వాత న్యూజెర్సీలో కూచిపూడి నేర్చుకుంటున్న మా అక్క కూతురు గుర్తొచ్చింది. మాది కోలాటం ఊరు. మా తాత జన్మలో కూచిపూడి చూసెరగడు. అయినా దాని అరంగేట్రానికి ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఇంక నేనేం మాట్లాడను :)

అన్నట్టు, మా కొలీగ్ కూతురికి పోలిష్ మాట్లాడటం రాదు. అంకెలు మాత్రం ఎనిమిది దాకా గడగడా చెప్పేస్తుంది, స్టెప్పులు లెక్కపెట్టాలిగా!