మౌస్‌కి కళ్లు లేవు: ఒక క్లిక్ వెనక చరిత్ర

ఇవాళ శంషాబాద్‌లో మా డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో ఫ్లైట్ సౌండ్ వస్తే ఏమనుకోకండి. అసలు ఇవాళ్టి కథ మొదలయ్యేదే విమానాల దగ్గర.

1950ల చివర్లో అమెరికాలో సేజ్ అనే వాయు రక్షణ వ్యవస్థ వచ్చింది. స్క్రీన్ మీద విమానం చిన్న గుర్తులా కనిపించేది. ఆపరేటర్ 'లైట్ గన్'ని దానికి గురిపెట్టి నొక్కితే, అది ఏ విమానమో కంప్యూటర్‌కి తెలిసిపోయేది. ఎలా అంటారా? కంప్యూటర్ గుర్తుల్ని ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది. గన్‌కి వెలుగు తగిలిన క్షణంలో తను ఏది గీస్తోందో దానికి తెలుసు కదా, అంతే! 1963లో ఐవాన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో లైట్ పెన్ కూడా ఇలాగే వెలుగుని పట్టుకునేది.

1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని జనం ముందు చూపించారు. కానీ మౌస్‌కి కళ్లు లేవు. ఎటు, ఎంత జరిగిందో మాత్రమే చెప్తుంది. పాయింటర్ కింద ఏ బొమ్మ ఉందో సాఫ్ట్‌వేరే లెక్కేసుకోవాలి. దీన్నే హిట్ టెస్టింగ్ అంటారు.

ప్రతి బొమ్మ చుట్టూ కనిపించని ఒక పెట్టె ఊహించుకుని, క్లిక్ ఏ పెట్టెలో పడిందో చూడాలి. వేల గుర్తులుంటే? పేజీని ముక్కలు చేసి, ఆ ముక్కలోనే వెతకాలి. 1974లో ఫింకెల్, బెంట్లీ చెప్పిన క్వాడ్‌ట్రీ ఇలాంటి పనికే పనికొస్తుంది.

సంగీతంలో అసలు చిక్కు, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడటం. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' చూడండి. తెలుగు లిపిలో స్వరాలు, వాటికి గమకాల గుర్తులు.

అలాంటి నొటేషన్ కోసం మా అమ్మమ్మకి ఓ చిన్న ప్రోగ్రామ్ రాశా. ఆవిడ వీణ నేర్పుతుంది. గమకం గుర్తు తీసేద్దామని క్లిక్ చేస్తే, కింద ఉన్న స్వరం సెలెక్టయ్యేది. డిలీట్ కొడితే స్వరమే పోయేది. "చెయ్యి వణుకుతోందిరా, ఇక నా వల్ల కాదు" అని మళ్లీ నోటుబుక్కు తీసింది.

నాకూ మొదట అలాగే అనిపించింది. కోడ్ చూస్తే, నేను స్వరాల్ని ముందు వెతుకుతున్నా, గుర్తుల్ని తర్వాత. పైగా ఒక్క పిక్సెల్ పక్కకి పోయినా ఒప్పుకోవట్లేదు. చిన్న గుర్తుల్ని ముందు చూసేలా మార్చి, చుట్టూ ఆరు పిక్సెళ్ల చోటిచ్చా.

ఆ వారమే ఆవిడ ఒక వర్ణం మొత్తం టైప్ చేసింది. చెయ్యి ఇప్పటికీ వణుకుతూనే ఉంది. తప్పు నా కోడ్‌ది.

మీ ఇంట్లో ఎవరైనా "ఈ ఫోన్ నాకు చేతకాదు" అంటే, ఒక్కసారి పక్కన కూర్చుని వాళ్ల వేలు ఎక్కడ పడుతోందో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!