చాపకూడు సరే, బస ఎక్కడ?

స్పెయిన్‌లో కామినో నడిచొచ్చిన మనవాళ్ల వీడియోలు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. భుజాన సంచీ, ఊరూరా ముద్ర కొట్టించుకునే యాత్రికుడి పుస్తకం, సాయంత్రానికి ఆల్బెర్గే అనే సత్రంలో వరసగా మంచాలు. పక్క మంచం మీద ఎవరనేది ఎవరికీ పట్టదు. చూసినవాళ్లు నిట్టూరుస్తారు, మనకిలాంటిది లేదే అని. నరసరావుపేటలో నిలబడి చూస్తే ఆ నిట్టూర్పు సగమే నిజం. ఇక్కణ్ణుంచి వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం చేరవచ్చు. త్రిపురాంతకమే శ్రీశైలానికి తూర్పు ద్వారం. దారి ఉంది, దారిలో తిండీ ఉంది. చిక్కంతా పడక దగ్గరే.

ముందు తిండి సంగతి. పల్నాడు తిండిని ఆడిపోసుకున్న మొదటి పెద్దమనిషి శ్రీనాథుడు. ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో నాపరాళ్లు, తేళ్లు, పాములు, నాగులేటి నీళ్లు, వాటితోపాటు సజ్జకూడూ జొన్నకూడూ వరసగా ఫిర్యాదులే. ఒక పద్యంలోనైతే ఏకంగా కృష్ణుడికే సవాలు: పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, చింతచిగురు వేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించు అని. (చింతచిగురు బచ్చలి, జొన్నసంకటి! ఇవాళ హైదరాబాదులో ఇదే పళ్లేనికి ఎంత పుచ్చుకుంటారో ఆయనకి తెలియదు.) ఇంకో చాటువులో పల్నాటికొస్తే రంభైనా నూలు వడకాల్సిందే, రాజైనా దున్నాల్సిందే, మన్మథుడైనా జొన్నకూడే తినాల్సిందే. వెక్కిరింపుగా అన్నాడు గానీ, రాజుకీ రైతుకీ ఒకే కూడు దొరికే సీమ అని దానికి ఇంకో అర్థం కూడా చెప్పుకోవచ్చు. వానమీద బతికే మెట్టభూమి. వరి పండే కాలవలు అప్పుడెక్కడివి?

విచిత్రమేమంటే, శ్రీశైలం దారిలో యాత్రికుణ్ణి నిలబెట్టింది ఆ జొన్నే. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి వేలమంది ఇప్పటికీ నడిచే వస్తారు. ఆత్మకూరు దాటి, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో నడుస్తారు. వాళ్ల మూటల్లో ఉండేది ఎండబెట్టిన జొన్నరొట్టె. రోజుల తరబడి చెడదు, నంజుకోడానికి ఇంత కారప్పొడి చాలు. కొండ ఎక్కడానికి ఆ పక్కన మెట్లు కట్టించింది కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని చెబుతారు. ఆ కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది, 2022 నుంచి ఆ జిల్లాకి ముఖ్యపట్టణం నరసరావుపేట. శ్రీనాథుడు విద్యాధికారిగా కొలువు చేసింది కూడా ఆ కొండవీట్లోనే, తర్వాతి కాలంలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర.

డబ్బుంటే భోజనం ఎలా ఉండేదో వినుకొండ వల్లభరాయుడి పేరున్న క్రీడాభిరామం చెబుతుంది (అది శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదన). ఓరుగల్లు చూడటానికి వచ్చిన ఇద్దరు మిత్రుల కథ. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంట పూటకూళ్లకి ఒక్క రూకకే సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటలు, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ధరలపట్టీలా ఉంటుంది ఆ పద్యం. కానీ ఆ విస్తరి ఎవరికి వేస్తారన్నది పద్యంలో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే.

డబ్బు లేనివాడి మాట శాసనాల్లో దొరుకుతుంది. ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్న మల్కాపురంలో, రుద్రమదేవి కాలపు 1261 నాటి శాసనం ఉంది. విశ్వేశ్వర శివాచార్యుడు తనకి దానంగా వచ్చిన మందడం ఊరి ఆదాయంతో ఆలయం, మఠం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపమన్నాడు. అన్నసత్రంలో బ్రాహ్మణులు మొదలుకొని చండాలుర వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలన్నాడు. ఏడున్నర శతాబ్దాల కిందటి మాట! అయితే అది అన్నం గురించి. పంక్తి గురించి కాదు, పడక గురించి అసలే కాదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో శ్రీశైలం ఎక్కాడు. ఆయన పల్లకీలో వెళ్లిన ఉద్యోగి, వెంట పెద్ద పరివారం. మజిలీలో ఏమి దొరుకుతుంది, ఎక్కడ దిగాలి అనేది ఊరూరా రాసుకున్నాడు. కందనూరు నవాబు శ్రీశైల యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేయడమూ రాశాడు. ఆ పల్లకీ మోసిన బోయీలు ఎక్కడ పడుకున్నారో తెలుసుకోవాలని ఉంటుంది నాకు.

ఇవాళ శ్రీశైలంలో దేవస్థానం అన్నదానానికి వెళితే కులం అడగరు. గది కావాలంటే చుట్టూ ఉన్న బోర్డులు చదవాలి: రెడ్డి సత్రం, కమ్మ సత్రం, వాసవీ సత్రం, కరివేన బ్రాహ్మణ సత్రం. నరసరావుపేటకి దగ్గర్లోని కోటప్పకొండలోనూ కులసత్రాలే. కట్టించినవాళ్ల భక్తిని శంకించను, చాలాచోట్ల శుభ్రంగా ఉంటాయి కూడా. కానీ ఒంటరిగా నడిచొచ్చిన యాత్రికుడికి తలుపు తెరవడానికి ముందు ఇంటిపేరు చెప్పాల్సి రావడం ఆ నడకనే మార్చేస్తుంది.

పల్నాడుకి దీనిమీద తనదైన జ్ఞాపకం ఉంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకున్నాడు. చరిత్రకారులకి ఇందులో ఆధారాలు తక్కువే. వీరవిద్యావంతులు పాడుతూ నిలబెట్టిన కథ ఇది, దాన్నే జీన్ రోగేర్ 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. ఆధారం మాట ఎలా ఉన్నా ఆచారం మాత్రం కళ్లముందుంది. కార్తీక మాసం చివర కారంపూడిలో వీరుల ఆరాధన అయిదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పూర్వీకుల ఆయుధాలు, కొణతాలు, భుజాన పెట్టుకుని వీరాచారవంతులు ఎక్కడెక్కడినుంచో వస్తారు. వాటిని గంగధారి మడుగులో కడుగుతారు. మందపోరు నాడు చాపకూడు. శ్రీనాథుడు వెక్కిరించిన ఆ నాగులేటి పక్కనే అందరూ కలిసి తింటారు.

తిన్నాక చాపలు చుట్టేస్తారు. అప్పటికి చీకటి పడుతుంది. దూరంనుంచి వచ్చినవాళ్లు ఆ రాత్రికి ఎవరి అరుగు మీద నడుం వాలుస్తారన్నది మాత్రం ఏ పాటలోనూ లేదు.