ఎర్ర గుర్తులు పోయాక మిగిలే పని

గిట్ నుంచి ప్రాజెక్టు ఇప్పుడే దిగింది. ఎక్లిప్స్‌లో దాన్ని మామూలు జావా ప్రాజెక్టుగా తెరిచారు. ఎడమ పక్క ప్యాకేజ్ ఎక్స్‌ప్లోరర్ నిండా ఎర్ర గుర్తులే. ఒక ఫైలు మీద డబుల్ క్లిక్ చేయండి. మొదటి లైన్లో కామ్.షాప్.ఆర్డర్ అని ప్యాకేజ్ పేరు సరిగ్గానే ఉంది, అయినా కింద ఎర్ర గీత. దాని మీద మౌస్ పెట్టండి. ఫైల్లో రాసిన ప్యాకేజ్, ఉండాల్సిన మెయిన్.జావా.కామ్.షాప్.ఆర్డర్‌తో సరిపోవడం లేదంటోంది.

అసలు సంగతి ఆ సందేశంలోనే ఉంది. ప్యాకేజ్ పేరును ఎక్లిప్స్ సోర్స్ ఫోల్డర్ దగ్గర్నుంచి లెక్కపెడుతుంది. మీ ప్రాజెక్టులో అది ఎస్‌ఆర్‌సీ దగ్గరే మొదలుపెట్టింది. అందుకే మెయిన్, జావా కూడా ప్యాకేజ్ పేరులోకి వచ్చేశాయి. మీ కోడ్‌లో తప్పేమీ లేదు, దాన్ని ముట్టుకోకండి.

ప్రాజెక్టు మీద రైట్ క్లిక్ చేయండి. బిల్డ్ పాత్, కాన్ఫిగర్ బిల్డ్ పాత్, సోర్స్ ట్యాబ్. అక్కడ ఎస్‌ఆర్‌సీ ఒక్కటే కనిపిస్తుంది. ముందు దాన్ని తీసేయండి. అది ఉండగానే లోపలి ఫోల్డర్ చేర్చబోతే, ఒక సోర్స్ ఫోల్డర్ లోపల ఇంకొకటి కుదరదు, లోపలిదాన్ని బయటిదాన్నుంచి మినహాయించమని అడ్డుపడుతుంది. ఇప్పుడు యాడ్ ఫోల్డర్ నొక్కి మూడింటికి టిక్ పెట్టండి: మీ టీమ్ రాసే కోడ్ ఉన్న ఎస్‌ఆర్‌సీ/మెయిన్/జావా, టెస్టులున్న ఎస్‌ఆర్‌సీ/టెస్ట్/జావా, స్కీమా నుంచి పుట్టిన క్లాసులున్న ఎస్‌ఆర్‌సీ/జనరేటెడ్/జావా.

అప్లై అండ్ క్లోజ్ నొక్కే తొందరలో కింద ఉన్న చిన్న చెక్‌బాక్సును వదిలేయకండి. ఒక్కో సోర్స్ ఫోల్డర్‌కు వేరే అవుట్‌పుట్ ఫోల్డర్ పెట్టుకోనిచ్చేది అదే. దానికి టిక్ లేకపోతే మూడు ఫోల్డర్ల క్లాసులూ ఒకేచోట కలిసిపోతాయి. ఒకే పేరున్న ప్రాపర్టీస్ ఫైలు మెయిన్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే రెండోదాన్ని డూప్లికేట్ అని చెప్పి కాపీ చేయకుండా వదిలేస్తుంది. టిక్ పెట్టండి, టెస్ట్ ఫోల్డర్‌ను తెరిచి అవుట్‌పుట్‌ను టార్గెట్/టెస్ట్-క్లాసెస్‌కు మార్చండి. అక్కడే, ఇందులో టెస్ట్ సోర్సులు ఉన్నాయా అనే వరుస కనిపిస్తుంది. దాన్ని అవును చేయండి. 2018లో వచ్చిన ఎక్లిప్స్ ఫోటాన్ నుంచి ఉన్న సదుపాయమిది. ఇక మెయిన్ కోడ్ పొరపాటున టెస్ట్ క్లాసును ఇంపోర్ట్ చేస్తే ఎక్లిప్స్ అక్కడే పట్టేస్తుంది.

అప్లై అండ్ క్లోజ్. కింద కుడి మూల బిల్డ్ నడుస్తోంది. ఎర్ర గుర్తులు ఒక్కొక్కటే పోతున్నాయి. ఇక అయిపోయిందనిపిస్తుంది.

టెర్మినల్ తెరిచి మావెన్ బిల్డ్ కమాండ్ ఎమ్‌వీఎన్ క్లీన్ కంపైల్ కొట్టండి. బిల్డ్ ఫెయిల్యూర్! స్కీమా క్లాసుల ప్యాకేజే లేదంటోంది. మీరు ఇందాక చేసిన మార్పులన్నీ ప్రాజెక్టులోని డాట్ క్లాస్‌పాత్ అనే ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్లో చేరాయి, ఒక్కో సోర్స్ ఫోల్డర్‌కు ఒక్కో వరుస. అది ఎక్లిప్స్ చదువుకునే ఫైలు. మావెన్ దాన్ని తెరిచి కూడా చూడదు, బిల్డ్ సర్వర్ నడిపేది మావెన్‌నే.

మావెన్ చదివే బిల్డ్ ఫైలు, అంటే పామ్ ఫైలు తెరవండి. మావెన్‌లో సోర్స్ డైరెక్టరీ అనే ట్యాగ్ ఒక్క దారినే తీసుకుంటుంది. రెండో ఫోల్డర్ కావాలంటే బిల్డ్ హెల్పర్ ప్లగిన్ పెట్టి, జనరేట్-సోర్సెస్ దశలో యాడ్-సోర్స్ గోల్ నడిచేలా రాసి, ఎస్‌ఆర్‌సీ/జనరేటెడ్/జావా దారి ఇవ్వాలి. మీది గ్రేడిల్ ప్రాజెక్టయితే ఇంత తతంగం లేదు, సోర్స్‌సెట్స్‌లో ఎస్‌ఆర్‌సీడిర్స్ దగ్గర ఆ దారి చేర్చితే చాలు. సేవ్ చేసి మళ్లీ అదే కమాండ్ కొట్టండి. ఈసారి బిల్డ్ సక్సెస్.

ఆ మార్పును మీరు కమిట్ చేశాక, పక్క సీటులో ఇంటెల్లీజే వాడే సహోద్యోగి కొత్త కోడ్ లాగి, మావెన్ రీలోడ్ చేశారు. ఆయన తెరమీద సోర్స్ ఫోల్డర్లు నీలం రంగులో, టెస్ట్ ఫోల్డర్ ఆకుపచ్చలో కనిపిస్తున్నాయి. సెట్టింగుల జోలికి ఆయన వెళ్లనే లేదు.

బిల్డ్ పాత్ డైలాగులో చేసే సర్దుబాటు ఎక్లిప్స్‌కే పనికొస్తుంది. ప్రాజెక్టు మీ టీమ్ అందరిదీ, రేపు చేరబోయే కొత్తవాళ్లది కూడా. కాబట్టి సోర్స్ ఫోల్డర్ల వివరం బిల్డ్ ఫైల్లోనే రాసి, కమిట్ చేయండి.