బెల్టు తప్పించి బండి నడిపిన చరిత్ర

ఈ తూరి కొంచెం ఇంజను నూనె వాసన ఉన్న విషయం రాస్తున్నాను. మనవాళ్లలో టాక్సీ నడిపేవాళ్లు, లారీ పెట్టుకున్నవాళ్లు, మిల్లుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు గనక ఓపికగా చదువుతారని నమ్మకం. ఎప్పటిలాగే పొడుగ్గానే ఉంటుంది.

అమెరికాలో ప్యాకార్డ్ అని ఒక కార్ల కంపెనీ ఉండేది. 1939లో వాళ్లు తమ 1940 మోడల్ కార్లకు ఫ్యాక్టరీలోనే ఏసీ పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. దానికి విడిగా 274 డాలర్లు. చల్లదనం ఇచ్చే కాయిల్ డిక్కీలో ఉండేది, చల్లగాలి వెనక సీటు వైపు నుంచి వచ్చేది. కంప్రెసర్ మాత్రం ముందు ఇంజను దగ్గర, బెల్టు మీద తిరిగేది. దాన్ని ఆపడానికి క్లచ్ లేదు. ఇంజను తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరగాల్సిందే. చలికాలం వచ్చి ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, ఇంజను ఆపి, దిగి, బానెట్ ఎత్తి, ఆ బెల్టును చేత్తో ఊడదీయాలి. మళ్లీ కావాలంటే మళ్లీ తగిలించాలి. 1941 తర్వాత ప్యాకార్డ్ వాళ్లు ఆ ఏసీని ఆపేశారు.

అంటే కార్ ఏసీ పుట్టినప్పుడే కంప్రెసర్‌ను బెల్టు నుంచి తప్పించే పనీ దాంతోపాటే పుట్టింది. దొంగ పని కాదు, ఓనరు రోజూ చేసుకోదగ్గ పని. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ కాలంలో అదే పని చేస్తామంటే వర్క్‌షాప్‌లో మనల్ని పిచ్చివాళ్లలా చూస్తున్నారు.

మా మేనల్లుడు సొంత కారుతో టాక్సీ నడుపుతాడు. పోయిన కార్తీక మాసంలో పళని నుంచి గిరాకీలను దించి వస్తుంటే ఒట్టన్‌చత్రం దాటాక ముందు నుంచి గీచుమని అరుపు, రబ్బరు కాలిన వాసన. "మామా, కంప్రెసర్ పట్టేసింది" అని ఫోను. దిండిగల్‌లో ఒక వర్క్‌షాప్ వాళ్లు చూసి 32 వేలు అవుతుందన్నారు. కంప్రెసర్ ఒక్కటే కాదు, లోపల అరిగిన ఇనుప పొడి గొట్టాల్లోకి పోయి ఉంటుంది గనక కండెన్సర్, డ్రయర్ కూడా మార్చాలన్నారు. అది నిజమే, తప్పేం లేదు. అయితే "కంప్రెసర్ పెట్టకుండా ఈ బండి కదలదు" అన్నారే, అది నాకు నచ్చలేదు. బండి కదలకపోతే వాడికి ఆ నెల ఈఎంఐ లేదు, పిల్లల ఫీజు లేదు. మన సంఘంలో ఇట్లాంటి ఇల్లు అదొక్కటే కాదు కదా.

ఇప్పుడు బెల్టు కథ మొదటినుంచి చూద్దాం. కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ దొర మిల్లు వచ్చింది. ఆ కాలపు మిల్లుల్లో ఒక పెద్ద ఆవిరి ఇంజను, దాన్నుంచి పైకప్పు కింద పొడుగునా ఒక ఇనుప షాఫ్టు, ఆ షాఫ్టు మీద వరసగా చక్రాలు, ఒక్కొక్క చక్రం నుంచి ఒక్కొక్క మెషీనుకు తోలు పట్టా. ఆ తోలు పట్టాను మన పెద్దవాళ్లు వారు అనేవాళ్లు. తెలుగులోనూ వారే, తమిళంలోనూ వారే. నేను తమిళ బడిలో చదివినవాణ్ణి కాబట్టి ఇట్లాంటి మాట రెండు వైపులా కనిపిస్తే ఒక సంతోషం.

ఆ మిల్లులో ఒక మెషీను చెడితే మొత్తం ఇంజను ఆపుతారా? ఆపరు. ప్రతి మెషీను దగ్గర పక్కపక్కనే రెండు చక్రాలు ఉండేవి. ఒకటి షాఫ్టుకు బిగించినది, ఇంకొకటి దాని మీద ఊరికే తిరిగే వదులు చక్రం. ఒక కొయ్య పిడితో వారును బిగువు చక్రం మీదనుంచి వదులు చక్రం మీదికి జరిపితే ఆ మెషీను ఒక్కటీ నిలిచిపోతుంది, మిగతా మిల్లు నడుస్తూనే ఉంటుంది. పల్లెటూళ్ల రైసు మిల్లుల్లో ఆయిల్ ఇంజను దగ్గర ఇదే ఏర్పాటును మనలో చాలామంది కళ్లారా చూసినవాళ్లమే. వారును మెలిపెట్టి ఎనిమిది అంకెలాగా తగిలిస్తే చక్రం వెనక్కి తిరుగుతుందని కూడా చూసి ఉంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ఆ పైకప్పు షాఫ్టులు పోవడానికి కారణం కరెంటు మోటారు. ఇక్కడ మనవాళ్ల పేరు చెప్పకపోతే తప్పు. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడపడంతో మొదలుపెట్టినవారు. 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి చేసిన మోటారు ఈ దేశంలో తయారైన తొలి మోటార్లలో ఒకటి. ఒక్కో మెషీనుకు ఒక్కో మోటారు వచ్చాక పెద్ద వారు పోయింది, చిన్న బెల్టు మిగిలింది.

రైల్వేలో బెల్టు ఇంకో రకంగా బతికింది. పెట్టెలో దీపాలు వెలగడానికి ఇరుసు మీదనుంచి బెల్టు వేసి కింద వేలాడే డైనమోను తిప్పే పద్ధతిని ఇంగ్లాండులో స్టోన్ కంపెనీ 1890లలో తెచ్చింది. దాంట్లో ఒక తమాషా ఉంది. రైలు వేగం ఎక్కువైతే డైనమో మరీ వేగంగా తిరిగి బల్బులు మాడిపోవాలి కదా? అట్లా కాకుండా డైనమోను వేలాడదీసిన తీరులోనే బెల్టు బిగువును కొలత పెట్టారు. ఒక వేగం దాటితే బెల్టు జారుతుంది. కావాలనే జారనిచ్చారు! తర్వాత ఆల్టర్నేటర్లు వచ్చాయి, జారనివ్వడం పోయి బిగించడం వచ్చింది. నేను గుమాస్తాగా చూసిన స్టోర్సు పుస్తకాల్లో సీ-122 అని ఒక వీ-బెల్టు సైజు ఉండేది. మామూలు పెట్టె ఆల్టర్నేటరుకు 4, ఏసీ పెట్టెకు ఉండే 25 కిలోవాట్ ఆల్టర్నేటరుకు రెండు పక్కలా కలిపి 12. ఒక్కటి తెగినా అన్నిటినీ సెట్టుగా మార్చాలి. పాతవి సాగి ఉంటాయి, కొత్తది ఒక్కటే మొత్తం బరువు మోసి రెండు రోజుల్లో తెగుతుంది. కొత్తగా వచ్చిన గుమాస్తా "ఒక్కటి తెగితే పన్నెండు ఎందుకు అడుగుతున్నారు" అని ఇండెంటును తిప్పి పంపించడం, ఫిట్టరు వచ్చి అరవడం, అది ప్రతి డిపోలోనూ జరిగే నాటకం.

కారుకు వద్దాం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ఫ్యాను తిప్పడానికి చదునైన బెల్టు ఉండేది. అది జారేది, పక్కకు ఊడేది. 1917లో డెన్వర్ ఊళ్లో జాన్ గేట్స్ రబ్బరు, నూలు కలిపి వీ ఆకారం బెల్టు చేశాడు. గాడిలో ఆప్పులాగా దిగి పట్టుకుంటుంది, లాగేకొద్దీ ఇంకా గట్టిగా పడుతుంది. మన పక్క మధురైలో ఫెన్నర్ వాళ్లు ఇదే బెల్టు చేయబట్టి, ఏ కంపెనీదైనా ఫెన్నర్ బెల్టు అనడం మనకు అలవాటైపోయింది.

1950లలో అమెరికా కార్లకు ఏసీ మళ్లీ వచ్చింది. 1954 నాష్ అంబాసడర్‌లో హీటరు, ఏసీ అంతా కలిపి ముందు భాగంలోనే అమర్చారు. ఆ దశకంలోనే కంప్రెసర్‌కు కరెంటు అయస్కాంతంతో పట్టుకునే క్లచ్ మామూలైంది. బెల్టు బయటి చక్రాన్ని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది, స్విచ్ వేస్తేనే లోపలి ఇరుసు పట్టుకుంటుంది. మిల్లు వదులు చక్రమే ఇది, కొయ్య పిడి బదులు అయస్కాంతం. మన దేశంలో పాత అంబాసడర్లకు డాష్‌బోర్డు కింద వేలాడదీసిన ఏసీలు, తర్వాత చిన్న కార్ల ఏసీలు, చాలావాటికి కంప్రెసర్‌కు విడిగా ఒక బెల్టు. కంప్రెసర్ పట్టేస్తే ఆ బెల్టును కత్తితో కోసి పారేసి ఇంటికి వచ్చేవాళ్లు. చర్చే లేదు.

చర్చ తెచ్చింది 1979. ఆ ఏడాది ఫోర్డ్ మస్టాంగ్‌లో పాములాగా వంకర్లు తిరిగే ఒకే ఒక్క వెడల్పాటి బెల్టు వచ్చింది. గేట్స్ కంపెనీ ఇంజనీరు జిమ్ వాన్స్ ఆలోచన అది. వాటర్ పంపు, ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్, ఏసీ అన్నీ దాని మీదే. చోటు కలిసొచ్చింది, బిగువును స్ప్రింగు టెన్షనరే చూసుకుంటుంది. ఒక్కటే ఇబ్బంది, వరసలో ఒకడు కాళ్లు చాపి పడుకుంటే అందరూ ఆగాలి. కంప్రెసర్ చక్రం బేరింగ్ పట్టేస్తే బెల్టు కాలి తెగుతుంది. దాంతో బ్యాటరీ చార్జింగ్ పోతుంది, నీళ్లు తిరగవు, స్టీరింగ్ రాయిలా అవుతుంది. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకుకు గాలి లాగే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, బెల్టు పోతే బ్రేకు కూడా బిగుసుకుంటుంది. ఘాట్‌లో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

అందుకని పొట్టి బెల్టు. కంప్రెసర్‌ను దాని చోటే ఉంచి, మిగతావాటికి మాత్రం సరిపోయే పొట్టి బెల్టు వేయడం. మొదట చూడాల్సింది ఏది చెడిందని. లోపల మాత్రమే పట్టేసి బయటి చక్రం చేత్తో సాఫీగా తిరుగుతుంటే బెల్టు మార్చే పనే లేదు, క్లచ్ వైరు ఊడదీసి ఏసీ వేయకుండా నడుపుకోవచ్చు. చక్రమే గరగరమంటే, ఊగుతుంటే అప్పుడే పొట్టి బెల్టు మాట.

అదే మోడల్ కారు ఏసీ లేకుండా కూడా అమ్మి ఉంటే పని సుళువు. ఆ నాన్-ఏసీ బండి బెల్టు నంబరు స్పేర్ పార్ట్సు షాపులో అడగండి, దారి కంపెనీవాడే గీసి ఉంటాడు. లేకపోతే టెన్షనరును దాని ఆటలో మధ్యన నిలబెట్టి, సాగని దారంతో కొత్త దారి కొలవాలి. బెల్టు మీద 6 పీకే 1200 అని ఉంటే 6 గీతలు, 1200 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. గీతలు తగ్గకూడదు. ఇంక మిల్లు మెలిక గుర్తుందా? ఈ బెల్టుకు ఒక పక్క గీతలు, ఒక పక్క నున్నన. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును నున్నటి వీపుతో తిప్పుతారు. కొత్త దారిలో అదే పంపుకు గీతల పక్క తగిలిందనుకోండి, పంపు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సరిగ్గా తిరగక ఇంజను ఉడికిపోతుంది. ప్రతి చక్రం ముందు ఎటు తిరిగేదో ఇప్పుడూ అటే తిరగాలి. క్రాంకు చక్రాన్ని, ఆల్టర్నేటరును బెల్టు చాలినంత చుట్టుకోవాలి, బెల్టు దేనికీ రాసుకోకూడదు. కొన్ని బండ్లలో కంప్రెసర్‌ను వదిలేస్తే మంచి దారే దొరకదు. అప్పుడు దాని చోటులో ఊరికే తిరిగే ఐడ్లర్ చక్రం బిగించాలి, అదీ దొరకకపోతే ఆశ వదులుకోవాలి.

కంప్రెసర్ గొట్టాలను మాత్రం విప్పవద్దు. లోపల గ్యాసు ఉంటుంది, ఒత్తిడితో చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్టవుతుంది. పాత ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరను తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా తీసేశారు, దాని బదులు వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను తినదు గాని భూమిని వేడెక్కిస్తుంది. ఊరికే గాలిలోకి వదలడం ఎట్లా చూసినా మంచిది కాదు.

మా మేనల్లుడి బండికి నాన్-ఏసీ బెల్టు మధురైలో దొరికింది. బెల్టు, కూలి కలిపి వెయ్యి లోపే అయింది. కార్తీకం నుంచి మాసి దాకా అట్లాగే నడిపాడు. ఏసీ లేదంటే కొందరు గిరాకీలు పక్క బండి చూసుకున్నారు, ఆ నష్టం నష్టమే. కొడైకానల్ ట్రిప్పులు మాత్రం నేనే వద్దన్నాను. వానలో, మంచులో ముందద్దం లోపలి పక్క ఆవిరి పడితే దాన్ని త్వరగా తుడిచేది ఏసీయే, అది లేకుండా మలుపుల్లో రాత్రిపూట పోవడం తెలివి కాదు. పంగుని ఎండలకు ముందు డబ్బు చేర్చి మొత్తం సరిగ్గా మార్పించాడు. 32 వేలు ఒక్కరోజులో అప్పు చేయడానికి, నాలుగు నెలల్లో చేర్చడానికి ఉన్న తేడా అప్పు కట్టినవాళ్లకు తెలుసు. వారంటీ ఉన్న కొత్త బండికైతే ఈ పని చేయవద్దు, కంపెనీవాడే మార్చాలి.

ఇంకొక వింత. ఇప్పటి చాలా కార్లలో కంప్రెసర్‌కు మళ్లీ క్లచ్ తీసేశారు. ఇరుసు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి పిస్టన్ల నడక దూరాన్ని ఒక వాల్వు పెంచి తగ్గిస్తుంది. ప్యాకార్డ్ కాలానికి తిరిగొచ్చినట్టే. కాకపోతే పట్టేస్తే తెగిపోయేటట్టు ముందు చక్రంలో ఒక బలహీనమైన ముక్క పెడుతున్నారు, దాంతో బెల్టు, మిగతా బండి బతుకుతాయి. బ్యాటరీ కార్లలోనైతే బెల్టే లేదు, కంప్రెసర్‌లోనే మోటారు. దానికి పోయే నారింజ రంగు కేబులులో వందల వోల్టులు ఉంటాయి. టాక్సీకి అట్లాంటి బండి తీసుకున్న తమ్ముళ్లు బానెట్ ఎత్తినా దాని మీద చేయి వేయవద్దు.